ఈముకు ఎన్ని వేళ్లు? బడి గోడ కోసం పది బొమ్మలు

నవంబరు 7, శుక్రవారం

అక్క చంద్రగిరి అవతల ఒక ఊళ్లో ప్రైమరీ బడి టీచరు. ఐదేళ్ల కిందట వాళ్ల బడి గోడకు 'పక్షులు, జంతువులు' అని ఒక ఫ్లెక్స్ చార్టు నేనే డిజైన్ చేసి, నా షాపులోనే ప్రింటు తీసి ఇచ్చాను. బొమ్మలన్నీ నెట్‌లో దొరికినవే. ఈ రోజు ఏదో పని మీద బడికి వెళ్తే మూడో తరగతి పాప ఒకతి నా చొక్కా పట్టుకుని చార్టు దగ్గరికి లాక్కెళ్లింది. "సార్, నిప్పుకోడికి రెండే వేళ్లని మా పుస్తకంలో ఉండాది. దీనికి మూడుండాయి" అంది.

లెక్క పెట్టాను. మూడే. కింద పేరేమో 'నిప్పుకోడి'. అది ఈము. మెడ మీద ఈకలు, గోధుమ రంగు ఒళ్లు, అన్నీ ఈమువే. నిప్పుకోడి ఆఫ్రికాది, దాని కాలికి రెండే వేళ్లు. ఈము ఆస్ట్రేలియాది, మూడు వేళ్లు. ఐదేళ్లుగా ఆ గది దాటిన ప్రతి పిల్లా పిల్లోడూ నేను రాసిన తప్పునే చదువుకున్నారు. రాత్రి అన్నం సయించలేదు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను, ఆ చార్టు తీసేయమని. కొత్తగా పది బొమ్మలు, ఒక్కొక్కటి విడి బోర్డు, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, పన్నెండు ఎత్తు. ఫొటోలు నేనే తీస్తాను. నా కంటితో చూడని దాని కింద పేరు రాయను. "ఎప్పటికి అయితాది రా?" అంది అక్క. సంక్రాంతికి అని చెప్పాను.

నవంబరు 12, బుధవారం

మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలకు మంగళవారం సెలవు. ఆదివారం జనం ఎక్కువ. అందుకే షాపు కుర్రాడికి అప్పగించి బుధవారం పొద్దున్నే వెళ్లాను. 1987లో మొదలైన జూ ఇది, శేషాచలం కొండల కింద సుమారు 5,500 ఎకరాలు. చిన్నప్పుడు బడి టూరులో వచ్చినప్పుడు ఎంత నడిచానో గుర్తుంది. కెమెరా బ్యాగు భుజాన ఉంటే ఆ దూరం ఇంకా బాగా తెలిసింది.

నా దగ్గరున్నది కెనాన్ 200డి కెమెరా, 55-250 జూమ్ లెన్సు. షాపులో పుట్టినరోజు ఫొటోలకు, చిన్న ఫంక్షన్లకు వాడేది. మొత్తం 380 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే పనికొచ్చేవి నాలుగు. ఆ నాలుగూ కందకం అవతల, అడ్డేమీ లేకుండా ఉన్న జంతువులవే. పక్షులన్నిటి మీదా గళ్లు గళ్లుగా మెష్. కొన్నిటిలో మెష్ తీగ మాత్రం స్పష్టంగా ఉంది, వెనక పక్షి మసక. కెమెరా తనకు ముందు కనబడిన దాన్నే పట్టుకుంది.

నవంబరు 14, రాత్రి

తిరుపతిలో కోతుల భయానికి బాల్కనీలకు మెష్ కొట్టించుకోని ఇల్లు తక్కువ. మా ఇంటికీ ఉంది. దాని ఇవతల నేను నిలబడి, అవతల డాబా గోడ మీద పసుపు డబ్బా పెట్టించి, రెండు గంటలు అదే పని. మా ఆవిడ డబ్బాను ఒక్కో అడుగూ వెనక్కి జరుపుతూ ఉంటే నేను తీస్తూ పోయాను.

లెక్క ఇలా ఉంది. లెన్సు ఫోకల్ లెంగ్తును (జూమ్ నంబరు, నాది 55 నుంచి 250 దాకా) ఎపర్చర్ నంబరుతో (ఎఫ్ పక్కన ఉండేది) భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం వెడల్పు వస్తుంది. 250ని 5.6తో భాగిస్తే సుమారు 45 మిల్లీమీటర్లు. మెష్ తీగ మందం రెండు మూడు మిల్లీమీటర్లు. 45 మిల్లీమీటర్ల గుమ్మానికి అంత సన్నని తీగ అడ్డం పడితే ఏమవుతుంది? వెలుతురు దాని రెండు పక్కల నుంచీ వచ్చేస్తుంది, తీగ కరిగిపోతుంది. అదే 55 దగ్గర, ఎఫ్ 4లో పెడితే గుమ్మం 14 మిల్లీమీటర్లే. అప్పుడు తీగ తీగలాగే కనబడుతుంది. మొన్న నేను చేసిందదే. పక్షి మొత్తం ఫ్రేములో పట్టాలని జూమ్ తగ్గించాను, అంతా స్పష్టంగా రావాలని ఎఫ్ 11 పెట్టాను.

మిగతాది దూరాల లెక్క. మెష్ లెన్సుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది, పక్షి మెష్‌కు ఎంత దూరముంటే అంత మంచిది. జూలో రెయిలింగు దాటి వెళ్లకూడదు. కాబట్టి మెష్ నాకు మీటరు, మీటరున్నర దూరంలో ఉంటుంది. పక్షి దానికి ఆనుకుని కూర్చుంటే ఏం చేసినా గళ్లు తప్పవు. నాలుగైదు మీటర్లు లోపలికి పోయేదాకా ఆగాలి. ఎండ మెష్ మీద పడుతున్న వైపు అసలు నిలబడకూడదు. ఇనుము మెరిస్తే ఫొటో మొత్తం తెల్లగా పొగ కమ్మినట్టు అయిపోతుంది. నీడ ఉన్న వైపుకు తిరిగి వెళ్లాలి.

ఫోనుతో తీసేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఫోను లెన్సు చాలా చిన్నది, మెష్ కన్నంలో సరిగ్గా పట్టేస్తుంది. మా బాల్కనీలో కన్నానికి ఆనించి తీస్తే గడి అనేదే లేదు. జూలో రెయిలింగు ఉన్నచోట ఇది కుదరదు, చెయ్యి చాపి ప్రయత్నించకూడదు కూడా.

నవంబరు 26, బుధవారం

మకావ్ చిలక దగ్గరే మూడు గంటలు. వేరే ఎక్కడికీ పోలేదు.

ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టుకున్నాను, మధ్యది. ముందు చేత్తో రింగు తిప్పి పక్షి దాకా తెచ్చుకుని, ఆ తర్వాత ఆటో ఫోకస్ వదిలాను. అలా చేస్తే కెమెరా మళ్లీ మెష్ మీదికి రావడం తగ్గింది. షట్టర్ సెకనులో 1/500 వంతు. మొదటి గంట అది మెష్‌కు అతుక్కునే ఉంది, ముక్కుతో తీగ పట్టుకుని పైకి పాకుతూ.

కీపరన్న ఊడ్చుకుంటూ వచ్చి నన్ను చూశాడు. "ఎంతసేపటి నుంచి నిలబడుకోనుండావ్ సామీ?" అన్నాడు. బడి బోర్డు సంగతి చెప్పాను. చీపురు గోడకు ఆనించి, లోపల అడ్డంగా ఉన్న కొమ్మ చూపించాడు. "పదిన్నర దాటితే ఎండ దాని మీద నుంచి పోతాది. అప్పుడు ఆ కొమ్మ మీదికి వస్తాది, చూస్తావుండు." పది నలభైకి వచ్చింది.

250లో మకావ్ మొహం చూడటం అదే మొదటిసారి. దూరానికి తెల్లగా కనబడే చెంప మీద ఈకలు లేవు, వట్టి చర్మం. ఆ చర్మం మీద సన్నని నల్లటి గీతలు వరుసగా, చేత్తో కుట్టిన కుట్టులాగ ఉన్నాయి. దగ్గరగా చూస్తే ఆ గీతలే ఈకలు, ఒక్కోటి నువ్వుగింజంత. కంటి చుట్టూ లేత పసుపు, మధ్యలో నల్లటి పాప. కీపరన్న మాట వినగానే ఆ పాప చిన్నదై, మళ్లీ పెద్దదైంది. రెండు మూడు సార్లు అలా. నా గొంతుకు అలా జరగలేదు, ఆయన గొంతుకే.

పిల్లలు దీన్ని చూడాలి. ఈ కన్ను, ఈ గీతలు.

డిసెంబరు 1

టెస్ట్ ప్రింటు తీశాను, వినైల్ మీద అరచెయ్యంత ముక్క. నీలం పాడైపోయింది. స్క్రీను మీద ఆకాశంలా ఉన్న వీపు ప్రింటులో వంకాయ రంగుకు తిరిగింది. పైగా ఈక మీద ఈక అనేది లేకుండా రంగు ముద్ద.

తప్పు రెండు చోట్ల. ఒకటి తీసినప్పుడే జరిగింది. కెమెరాలో జేపెగ్, అందులోనూ రంగులు ముదురుగా వచ్చే సెట్టింగు. ఫంక్షన్ ఫొటోలకని పెట్టుకున్నది మార్చలేదు. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు) చూస్తే ఎక్స్‌పోజర్ బాగానే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూస్తే నీలం ఒక్కటి కుడి గోడకు కొట్టుకుని ఉంది. అంటే అక్కడ ఈకల వివరం కెమెరాలోనే పోయింది, ఫొటోషాప్‌లో ఎంత వెతికినా తిరిగి రాదు. ఇలాంటి ఒకే గాఢమైన రంగున్న పక్షులకు మూడు రంగుల హిస్టోగ్రామే చూడాలి, రా ఫైలులోనే (కెమెరా కుదించకుండా ఉంచే అసలు ఫైలు) తీయాలి.

రెండోది ప్రింటింగు. స్క్రీను నీలం వెలుతురుతో తయారైనది. సిరాలో అది సియాన్ (లేత నీలి సిరా), మెజెంటా (ముదురు గులాబీ సిరా) కలిపితేనే వస్తుంది. మెజెంటా శాతం సియాన్‌కు దగ్గరగా పోయిందంటే నీలం ఊదాగా మారుతుంది. రెండిటికీ కనీసం ముప్పై శాతం తేడా ఉంచమని నాకు పని నేర్పిన పెద్దాయన పెళ్లి కార్డుల రోజుల్లోనే చెప్పేవాడు. ఇక్కడ ఇంకా ఎక్కువే ఉంచాలి.

మకావ్ కోసం మళ్లీ వెళ్లాలి. సంక్రాంతి మాట నిలబడదని అక్కకు చెప్పేశాను.

డిసెంబరు 10, బుధవారం

రాత్రంతా వాన. పొద్దున ముసురు. అనుకోకుండా ఇదే మంచిదైంది. మబ్బు వెలుతురులో మెష్ మెరవలేదు, నీలం ముద్దైపోలేదు. రా ఫైలు, ఎక్స్‌పోజర్ 0.7 తగ్గించి తీశాను. కొమ్మ మీదికి వచ్చేసరికి పదకొండైంది. సాయంత్రమే ఐదు టెస్ట్ ముక్కలు, మెజెంటా ఒక్కో మెట్టూ తగ్గిస్తూ ప్రింటు తీశాను. నాలుగో ముక్క అచ్చం నేను చూసిన నీలం. షాపు కుర్రాడు పక్కనే నిలబడి "అన్నా, ఇది చిలకా, పెయింటింగా?" అన్నాడు. చిలకే. దక్షిణ అమెరికా అడవుల చిలక.

మొదటి బోర్డు అయింది.

డిసెంబరు 24, బుధవారం

తెల్ల నెమలి. పింఛం ఇంకా పూర్తిగా పెరగలేదు. నెమళ్లు జత కట్టే కాలం అయ్యాక పింఛం ఈకలు రాల్చేస్తాయి, కొన్ని నెలల్లో మళ్లీ వస్తాయి. అయినా తీశాను, ఎందుకంటే ఈ రోజు నాకు కావలసింది ఈక నేత.

తెల్లటి దాన్ని తీయడంలో కెమెరా ఎటూ మోసపోతుంది. ఫ్రేము నిండా తెలుపే ఉంటే దాన్ని బూడిద చేసేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ పెంచాలి. వెనక చీకటి పొద ఉండి పక్షి చిన్నదిగా ఉంటే చీకటిని వెలిగించబోయి తెల్లటి పక్షిని సున్నం కొట్టేస్తుంది, అప్పుడు తగ్గించాలి. నేను పొద ముందు ఒకటి తగ్గించి తీశాను. ఇంట్లో జూమ్ చేసి చూస్తే తెల్లటి ఈక మీద కూడా కన్ను ఉంది! రంగు లేదు, ఈక అల్లిక మారిన చోట గుండ్రంగా, తెల్లచీర మీద తెల్లదారంతో వేసిన పువ్వులాగ. మామూలు నెమలి నీలం, ఆకుపచ్చ ఏదో రంగు పూసినట్టు వచ్చినవి కావు. ఈక లోపలి అతి సన్నని కడ్డీల వరుసలు వెలుతురును విరిచి చూపించే రంగులవి. ఆ కడ్డీలు మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థంతో తయారైనవి. తెల్ల నెమలికి ఆ మెలనిన్ లేదు, అందుకే ఆ రంగుల ఆట లేదు. మొహం మీది కంట్లో మాత్రం రంగు ఉంటుంది, ఎర్రగా ఉండదు. బోర్డు మీద రాయాల్సిన ముఖ్యమైన మాట: ఇది వేరే జాతి కాదు, మన నెమలే.

కోడి లాంటి పక్షి సిల్వర్ ఫెజెంటు కూడా దొరికింది. రెండు ఫొటోలు, రెండూ బాగున్నాయి. దాని గురించి రాయడానికి ఇంతకంటే లేదు, అదృష్టం.

జనవరి 7, బుధవారం

సంక్రాంతి సెలవులకు ముందు వారం కదా, జనం తక్కువని వచ్చాను. తెల్లపులి దగ్గర మెష్ బెడద లేదు, మనుషుల బెడద ఉంది. కుర్రాళ్లు కొందరు ఈలలు, అరుపులు. పులి లేచి లోపలికి వెళ్లిపోయింది. వాళ్లు వెళ్లిపోయాక గంటన్నర కూర్చున్నాను. ఒక్క మనిషి గమ్మున కూర్చుంటే అది పట్టించుకోదని కీపరన్న అన్న మాట నిజం. మెల్లగా బయటికొచ్చి, గోడ నీడలో పడుకుని, నా వైపు చూసింది. కళ్లు లేత నీలం.

తెల్లపులి కూడా వేరే జాతి కాదు. 1951లో రీవా మహారాజు పట్టించిన మోహన్ అనే కూన నుంచే జూల్లో ఉన్న తెల్లపులుల వంశం చాలావరకు వచ్చింది. దగ్గరి రక్తసంబంధాల్లో జత కట్టించడం వల్ల వీటిలో చాలావాటికి చూపు, కాళ్ల లోపాలు వస్తాయి. దీన్ని పిల్లల బోర్డు మీద రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. రాయాలి. అందంగా ఉందని మాత్రమే చెప్పి వదిలేస్తే సగం చెప్పినట్టు.

ఎలుగుబంటి దగ్గర, తెల్ల పక్షి గురించి రాసినదానికి తలకిందులు. నల్లటి బొచ్చు ఫ్రేము నిండితే కెమెరా దాన్ని బూడిద చేయాలని చూస్తుంది, కాబట్టి తగ్గించాలి. కానీ దాని వెనక బండ ఎండలో మెరుస్తోంది, ఎలుగు నల్ల ముద్దయిపోయింది. అక్కడ స్పాట్ మీటరింగు పెట్టి మొహం మీదే కొలిచాను. ఇది విదేశీ జంతువు కాదు, ఎదురుగా కనబడే ఈ శేషాచలం అడవిలోదే. పదిలో దీనికీ చోటు ఇవ్వాలనిపించింది. పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో సహా పీల్చేస్తుంది. అది ఆవలించినప్పుడు ఆ సందు దొరికింది. ఇరవై ఫ్రేముల్లో ఒక్కటి.

సింహం దగ్గర అమ్మ గుర్తొచ్చింది. అమ్మ చిన్నప్పుడు సింహాన్ని చూసింది సర్కసు డేరాలో, స్టూలు మీద కూర్చోబెట్టి ఉంటే. 1998లో సర్కసుల్లో సింహాలు, పులులు, ఎలుగులతో ఆటలాడించడం కేంద్రం ఆపేసింది. 2001లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. అలా విడిపించిన సింహాలకు ఆశ్రయం ఇచ్చిన చోట్లలో మన తిరుపతి జూ ఒకటి. ఈ సంగతి సింహం బోర్డులో రెండు వాక్యాలుగా పెడుతున్నాను. పిల్లలు వాళ్ల నాయనమ్మలను అడిగితే మిగతా కథ దొరుకుతుంది.

జనవరి 21, బుధవారం

ఈము. దీని కోసమే కదా మొదలుపెట్టింది.

ఇంతకు ముందు మూడు సార్లు తీశాను. ప్రతిసారీ కాళ్లు గడ్డిలో. మెడ, మొహం ఎంత బాగా వచ్చినా ఈ బోర్డుకు వేళ్లు లేకుండా లాభం లేదు. పైగా నిలువెత్తు పక్షి, మొత్తం పట్టాలంటే జూమ్ తగ్గించాలి. తగ్గిస్తే మెష్ వచ్చేస్తుంది. కాబట్టి రెండు ఫొటోలు. మొత్తం పక్షి ఆవరణ అవతలి చివర ఉన్నప్పుడు ఒకటి, పాదం ఒక్కటే దగ్గర నుంచి ఇంకొకటి. బోర్డు కింది మూలలో పాదం విడిగా పెడతాను.

కీపరన్న పైపుతో తొట్టి కడుగుతుంటే ఈము నీళ్ల చప్పుడుకు పరుగున వచ్చింది. తొట్టి చుట్టూ గడ్డి తొక్కుడుకు పోయి బురదనేల. నేను రెయిలింగు ఇవతల నేల మీద పడుకుని కెమెరా అడుగు ఎత్తులో పెట్టాను. చొక్కా తడిసింది. పాదం ఐదు మీటర్ల దూరంలో, 250, ఎఫ్ 5.6, మెష్ పూర్తిగా మాయం.

మూడు వేళ్లు, మూడూ ముందుకే. మధ్యది పొడుగు, పక్కవి రెండూ పొట్టి. వేలి పైన పొలుసులు పెంకుటింటి కప్పులాగ ఒకదాని మీద ఒకటి, గోరు దాకా. బురద ఆ పెంకుల సందుల్లో ఎండిపోయి ఉంది. అడుగు ఎత్తినప్పుడు వేళ్లు మూడూ దగ్గరికి ముడుచుకుంటాయి, నేలకు ఆనేలోపు మళ్లీ విచ్చుకుంటాయి. మనకు మోకాలు వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, మడమ కీలు. అసలు మోకాలు పైన ఈకల్లో దాగుంటుంది.

ఒక ఈక రాలి మెష్ ఇవతల పడి ఉంది. తీసుకోవచ్చా అని అడిగితే వద్దన్నాడు. అక్కడే చూశాను. ఒకే మొదలు నుంచి రెండు ఈకలు, రెండూ ఒకే పొడవు. ఈము ఈక ప్రతిదీ జంటే.

ఒకప్పుడు ఆంధ్రలో ఎక్కడ చూసినా ఈము ఫారాలే. తర్వాత అవి మూతపడ్డాయి. ఈ పిల్లల నాన్నలకు ఈము తెలుసు, పిల్లలకు తెలియదు. గుడ్డు ముదురు ఆకుపచ్చ అనీ, ఎనిమిది వారాలు సరిగ్గా మేత లేకుండా దాన్ని పొదిగేది మగపక్షి అనీ బోర్డులో రాశాను.

ఫిబ్రవరి 11

తొమ్మిది బోర్డులు తయారు. సన్‌బోర్డు (తేలికైన ఫోము పలక) మీద వినైల్, పైన మెరవని మ్యాట్ లామినేషన్. గ్లాసీ వేస్తే కిటికీ వెలుతురు పడి పిల్లలకు సగం బొమ్మ కనబడదు. మా కెమెరా ఫొటో 6000 బై 4000 పిక్సెళ్లు. గోడ బోర్డుకు మామూలుగా అంగుళానికి 150 చాలంటారు. కానీ పిల్లలు ముక్కు ఆనించి చూస్తారు. అందుకే ఏదీ 200కు తగ్గకుండా, అంటే 3600 బై 2400 మిగిలేలా మాత్రమే కత్తిరించాను.

పేర్ల దగ్గర అక్కకూ నాకూ చిన్న వాదన. మకావ్ అని మాత్రమే రాద్దామని నేను, తెలుగు పేరు కూడా కావాలని అక్క. చివరికి పిల్లలనే అడిగింది. మకావ్‌కు 'పంచవన్నెల చిలక' అన్నారు. సిల్వర్ ఫెజెంటుకు 'వెండి కోడి'. రెండూ రాశాను, అసలు పేరు పెద్దగా, పిల్లలు పెట్టిన పేరు కింద.

పదో చట్రం ఖాళీగానే తగిలించాం. అది నిప్పుకోడిది. నాకింకా దొరకలేదు. నెట్ బొమ్మ పెట్టను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

బడిలో మేకులు కొడుతుండగానే ఆ పాప వచ్చింది. నేరుగా ఈము బోర్డు దగ్గరికి. వేలు పెట్టి ఒక్కోటీ తాకుతూ "ఒకటి, రెండు, మూడు" అంది. కింద పేరు చదివింది. మళ్లీ పాదం దగ్గరికి వచ్చి, ఈసారి వెనక వైపు వెతికింది.

"వెనక వేలు ఏది సార్? మా కోడికి ఉండాది."

"ఈముకు ఉండదమ్మా. మూడే."

"మా కోడికి నాలుగు. ముందర మూడు, వెనక ఒకటి. దాంతోనే కొమ్మ పట్టుకుంటాది." కాసేపు ఆగి, "ఇది కొమ్మెక్కదా అయితే?" అంది.

ఎక్కదని చెప్పాను. ఆ వెనక వేలి గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మూడు నెలలు ఆ కాలే చూశాను. అక్క వైపు చూస్తే అక్క అప్పటికే గోడ మీద ఖాళీ చోటు చూస్తోంది, నిప్పుకోడి చట్రం పక్కన.

రెండు, మూడు, నాలుగు. మూడు పాదాలూ పక్కపక్కన ఉండాలి. ఆదివారం పొద్దున ఆ పాప వాళ్లింటికి వస్తానని చెప్పాను. కోడిని గంప కింద మూసి ఉంచుతానంది. గంప వద్దమ్మా, జామచెట్టు కొమ్మ మీదికి ఎక్కేదాకా ఆగుదాం అన్నాను.